నీరసానికి బాటిళ్లు పెట్టబడవు

మా వీధి చివర కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టరమ్మాయి ఒకరోజు ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అంది. రాయమంటే రాయొచ్చు. కానీ ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయ్యానో, ఏ పదవి ఎప్పుడొచ్చిందో చెప్పుకుంటూ పోతే వినేవాళ్లు ఆవులిస్తారు. బాగుచేసిన రోగుల గురించి చెప్పుకుంటే సొంత డబ్బా అవుతుంది. అందుకని, నా చేతుల్లో చావబోయి తప్పించుకున్న ఒక మనిషి గురించి రాస్తాను. పేరు హుసేనప్ప. దువ్వూరులో పరుపులు కుట్టేవాడు. కరోనా నుంచి బయటపడి ఇంటికొచ్చాక నాలుగు నెలల పాటు, నా కళ్లముందే, కొంచెం కొంచెంగా చావుకు దగ్గరయ్యాడు. ఆ నాలుగు నెలలూ నేను అతన్ని తిడుతూనే ఉన్నాను.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. జమ్మలమడుగులో, పులివెందులలో సర్కారు ఉద్యోగం చేసి, చివరికి పుట్టిన ఊరు ప్రొద్దుటూరులో సొంత క్లినిక్ నడిపి, పోయినేడు తలుపులు మూశాను. నా కోపం ఈ మూడు ఊళ్లకూ తెలుసు. "ఆయమ్మ హస్తవాసి మంచిదే, నోరే మంచిది గాదు" అని నా వెనక అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు లోలోపల గర్వంగా ఉండేది. కోపం లేని డాక్టరు మాట ఎవరు వింటారు అనుకునేదాన్ని.

సుబ్బరాయుడు సార్

మొదటి ఉద్యోగం జమ్మలమడుగులో. పొద్దున ఆరున్నర బస్సుకు ప్రొద్దుటూరులో ఎక్కితే, కిటికీ పక్కన కూర్చుని రెండు ఇడ్లీలు తినేలోపు ఊరు వచ్చేసేది. బండల పాలిషు దుమ్ముతో తెల్లబడ్డ మగవాళ్లు, మగ్గం గుంటల్లో కాళ్లు వాచిన నేతగాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు అప్పటికే వరండాలో బారులు తీరి ఉండేవాళ్లు. ఆ వరండా వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఫినాయిలు, చెమట, ఎవరో విప్పిన టిఫిన్ క్యారియర్లోని ఉల్లిగడ్డ కారం, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడు తలుచుకుంటే ముక్కు మూసుకోవాలనీ ఉంటుంది, మళ్లీ ఒక్కసారి పోయి నిలబడాలనీ ఉంటుంది.

ఆడ డాక్టరంటే కాన్పులు చేసేదేనని అప్పట్లో అందరి లెక్క. పొద్దున్నే నిండు చూలాలిని తెచ్చి నా ముందు కూర్చోబెట్టేవాళ్లు. "నేను కాన్పులు చేయనమ్మా, జ్వరాలూ, బీపీలూ చూస్తాను" అంటే, ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "జరాలు సూసేదానికి మొగోల్లు లేరా తల్లీ? నువ్వు ఇంత సదివింది దానికేనా?" అని బాధపడింది. నన్ను చూసి జాలిపడిన మొదటి పేషంటు ఆమే.

మా పెద్ద డాక్టరు సుబ్బరాయుడు సార్. బట్టతల, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, చెవుల్లో వెంట్రుకలు. పేషంటు ఎదురుగా కూర్చోగానే నాడి కంటే ముందు అరచెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పేవారు. చేతులు చూస్తే మనిషి మగ్గం నేస్తాడో, బండలు కొడతాడో, పని మానేసి ఎన్నాళ్లయిందో తెలుస్తుందనేవారు. వరండాలో మాత్రం, సార్ జాతకం కూడా చెప్తాడని పుకారు. ఒకరిద్దరు పెళ్లి కాని కొడుకుల్ని కూడా తీసుకొచ్చి చెయ్యి చాపించారు.

ఒకరోజు ఒక ముసలాయన దగ్గు మందు సీసా కావాలని నా దగ్గర పట్టుబట్టాడు. దగ్గు లేదు, ఊపిరితిత్తులు బాగున్నాయి. ఇవ్వనని కసిరాను. ఆయన లేచి పోతుంటే సార్ వెనక్కి పిలిచి, "ఆ మందు తాగితే ఏమైతాది పెద్దాయనా?" అని అడిగారు. "కూచోని నిద్రబోతా సామీ. పండుకుంటే ఊపిరాడదు, అది తాగితే కూచోనైనా కన్ను పడతాది" అన్నాడాయన. గుండె జబ్బు. నేను కనుక్కోనిది అదీ.

ఆ తర్వాత సార్ నన్ను పక్కకు పిలిచి అన్న మాట ఇది: "పేషంటు అడిగింది ఇయ్యాల్సిన పని లేదు తల్లీ. ఎందుకడుగుతాండాడో కనుక్కునే పని మాత్రం నీదే." సార్ మీద భక్తితో ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకున్నందువల్ల ఏమీ కాదని తెలియడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

బాటిల్

మా వైపు "బాటిల్" అంటే చేతికి సూది గుచ్చి స్టాండుకు వేలాడదీసి ఎక్కించే నీళ్ల సీసా. కొత్తగా వచ్చిన డాక్టర్లు దీన్ని వైద్యం అనుకుంటారు గానీ, మా జిల్లాలో అది మర్యాద. ఇంట్లో పెద్దాయన మంచాన పడితే చూడవచ్చిన బంధువులు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని బాటిళ్లు పెట్టినారు?" ఒక్కటీ పెట్టించలేదంటే ఆ కొడుకు తల ఎత్తుకోలేడు. పోయినాక కూడా విడిచిపెట్టరు. "ఒక్క బాటిలన్నా పెట్టిచ్చకపోతివే నాయనా" అని శవం పక్కనే దెప్పుతారు.

పులివెందులలో పనిచేసినన్నాళ్లూ నాకు దీంతోనే పోట్లాట. తోటలో చీనీకాయలు, అదే బత్తాయిలు, కోసి అలిసినా బాటిల్, పెళ్లిపనుల్లో తిరిగి అలిసినా బాటిల్, కూతురు పరీక్ష తప్పితే తల్లికి బాటిల్. నీళ్లూ, చక్కెర, ఉప్పు తప్ప అందులో ఏమీ లేదని, మజ్జిగలో ఉప్పేసుకుని తాగితే అదే పని చేస్తుందని గొంతు చించుకునేదాన్ని. తల ఊపి, బయటికి పోయి, ఆర్‌ఎంపీ దగ్గర పెట్టించుకుని, చేతికి ప్లాస్టరుతో మళ్లీ నా ముందే బజార్లో నడిచిపోయేవాళ్లు.

ప్రొద్దుటూరులో సొంత క్లినిక్ పెట్టినప్పుడు మొదటి పని, ఒక బోర్డు రాయించాను. "నీరసానికి బాటిళ్లు పెట్టబడవు." పెయింటరు కుంచె ఎత్తి, "ముందర 'దయచేసి' అని ఏయాల్నా మేడం?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. నా కుర్చీకి ఎదురుగా, పేషంటు తల తిప్పితే కనపడేలా కొట్టించాను.

ఆ రోజుల్లోనే ఒక మీటింగులో దువ్వూరు ఆర్‌ఎంపీ ఓబులేసును నలుగురిలో కడిగేశాను. ఓబులేసు ఒకప్పుడు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. తర్వాత ఊళ్లో తనే మందులివ్వడం మొదలుపెట్టాడు. పట్టా లేదు. "బండి హ్యాండిల్‌కు బాటిళ్లు తగిలించుకుని పాలవాడిలా తిరుగుతావంట గదా" అన్నాను. అందరూ నవ్వారు. ఓబులేసు తల దించుకుని, టీ గ్లాసు కింద పెట్టి, వెళ్లిపోయాడు. పట్టా లేని వైద్యం తప్పని నేను ఇప్పటికీ అంటాను. ఆ రోజు అన్న పద్ధతికి మాత్రం సిగ్గుపడుతున్నాను.

హుసేనప్ప

హుసేనప్ప పదేళ్లుగా నా దగ్గర బీపీ మాత్రలు వాడేవాడు. కువైట్‌లో ఏడేళ్లు సోఫాలు కుట్టి వచ్చి, దువ్వూరులో పాత పరుపుల అంగడి మళ్లీ తెరిచాడు. భార్య మాబున్ని కూడా అతనితో సమానంగా దబ్బనం పట్టి కుట్టేది. ఎప్పుడొచ్చినా ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు. చొక్కా మీద ఎక్కడో ఒకచోట దూది అంటుకుని ఉండేది. "పత్తి ధర పెరిగితే నాకు బీపీ పెరుగుతాది మేడం. మాత్రతో తగ్గేది గాదు, మార్కెట్‌తో తగ్గాల" అని జోకులేసేవాడు. నేను పడుకునే పరుపు అతను కుట్టిందే. ఉప్పు తగ్గించమని పదేళ్లు చెప్పాను. పదేళ్లూ "తగ్గిచ్చినా మేడం" అన్నాడు, పదేళ్లూ మాబున్ని వెనక నుంచి కాదని తల ఊపింది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు హుసేనప్పకు సోకింది. ఇరవై రోజులకు పైగా ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికి బయటపడ్డాడు. ఆ వేసవిలో బతికొచ్చినవాళ్లను చూస్తే మాకు కళ్లు చెమర్చేవి. నా ముందు కూర్చున్నప్పుడు మనిషి సగమయ్యాడు. బీపీ చూశాను. మాత్రలతో ఎన్నడూ లొంగనిది కిందికి దిగి కూర్చుంది. "చూశావా, బరువు తగ్గావు, బీపీ అదుపులోకి వచ్చింది" అని మెచ్చుకుని, ఒక మాత్ర తగ్గించాను.

అది నా మొదటి తప్పు. పదేళ్లు మొండికేసిన బీపీ ఉన్నట్టుండి దానంతటదే దిగితే సంతోషించకూడదు, భయపడాలి.

నెల తర్వాత మళ్లీ వచ్చారు. ఇంకా చిక్కాడు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయన్నాడు. అన్నం సయించడం లేదు. మిగిలిన బీపీ మాత్ర కూడా ఆపేశాను. కరోనా నీరసం, ఆరు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి అని చెప్పాను. ఆ రోజుల్లో అందరికీ అదే చెప్పేవాళ్లం, చాలామందికి అది నిజమే అయ్యేది.

మాబున్ని అడిగింది: "మనిషి నల్లబడినాడు గదమ్మా, సూడు. పెండ్లి నాడు కూడా ఇంత నలుపు లేడు."

"ఎండల్లో తిరగొద్దను" అన్నాను.

"యాడ తిరుగుతాడమ్మా, మంచం దిగితే గదా."

ఆ మాట చెవిలో పడింది, లోపలికి పోలేదు. కడప ఎండకు నల్లబడని మనిషి ఎవరున్నారు? వేరే ఏ ఊళ్లో డాక్టరైనా ఒక్క క్షణం ఆగి చూసేవాడేమో. మాకు నలుపు కనపడదు.

మాబున్ని ఇంకో ఫిర్యాదు కూడా చేసింది. "ఊరగాయ జాడీ దాపెట్టినా ఎతుక్కుంటాడమ్మా. మొన్న రాళ్ల ఉప్పు బుగ్గన పెట్టుకోని చప్పరిస్తాండాడు, సిన్నపిల్లోళ్లు సాక్లెట్ చప్పరించినట్ల." నాకు ఒళ్లు మండిపోయింది. చావు తప్పించుకుని వచ్చి ఉప్పు తింటావా, గుండెపోటు తెచ్చుకుంటావా, నీ పెళ్లాం ముఖమైనా చూడు అని గట్టిగా తిట్టాను. హుసేనప్ప తల దించుకున్నాడు. ఆ తర్వాత ఉప్పు సంగతి ఇద్దరిలో ఎవరూ నా దగ్గర ఎత్తలేదు. తినడం మానలేదు, చెప్పడం మానేశారు.

మూడోసారి వచ్చినప్పుడు హుసేనప్ప గోడ పట్టుకుని నడిచాడు. వాంతులు మొదలయ్యాయి. కూర్చుని, మెల్లగా అన్నాడు. "మేడం, ఒక బాటిల్ పెట్టు. పెడితే రెండు దినాలు మనిషినైతా."

నేను బోర్డు వైపు వేలు చూపించాను.

అతను తల తిప్పి చూసి నవ్వాడు. "బోర్డు శానా బాగుండాది మేడం. అచ్చరాలు కూడా తిరుగుతాండాయి."

ఎంత మంచి జోకు అనుకున్నాను. నవ్వాను కూడా. విటమిన్ మాత్రలు రాసి పంపించాను. తర్వాత రెండు నెలలు వాళ్లు నా దగ్గరికి రాలేదు.

ఓబులేసు మాట

ఒక మధ్యాహ్నం క్లినిక్ మూయబోతుంటే ఆటో వచ్చి ఆగింది. ముందు దిగినవాడు ఓబులేసు. నన్ను చూడగానే చెప్పులు విడిచాడు. వెనక సీటులో మాబున్ని ఒళ్లో తల పెట్టుకుని హుసేనప్ప పడుకుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, పిలిస్తే మూలుగుతున్నాడు. బీపీ మిషన్‌లో పైన అంకె కూడా సరిగ్గా అందడం లేదు.

"ఎన్ని బాటిళ్లు ఎక్కించావు?" అన్నాను. నోరు అలవాటు ప్రకారం లేచింది.

ఓబులేసు, "తిట్టు మేడం, తిట్టు. కానీ ఒక్క మాట ఇను" అన్నాడు. "ఈయనకు గ్లూకోజు బాటిల్ పెడితే ఏం లాభం లేదు. ఇంకా వాలిపోతాండాడు. ఉత్త సెలైన్ పెడితే, ఆ ఉప్పు బాటిల్, గంటకు లేసి కూచోని బువ్వడుగుతాడు. నాలుగు తూర్లు సూసినా. మూడు దినాలకు మళ్లా మొదటికే. నాకు అర్థం గాలే. నీకు అర్థమైతాదని తెచ్చినా."

నేను అతని వైపు తిరిగాను.

"ఇంకేమైనా వేశావా? నిజం చెప్పు. తిట్టను."

అతను మాబున్ని వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఒకతూరి డెక్సా సూది ఏసినా మేడం. తప్పే. ఆ పొద్దు లేసి పోయి పరుపుకు దూది కూరినాడు."

డెక్సా అంటే స్టెరాయిడ్. ఆర్‌ఎంపీలు దాన్ని వాడతారని తెలిస్తే నేను ఇంతెత్తున లేచేదాన్ని. ఆ రోజు లేవలేదు. ఉప్పు నీళ్లకు లేస్తాడు. స్టెరాయిడ్‌కు లేస్తాడు. చక్కెర నీళ్లకు వాలిపోతాడు. ఉప్పు చప్పరిస్తాడు. బీపీ దిగిపోయింది. ఎండ తగలకుండానే నల్లబడ్డాడు. నాలుగు నెలలుగా నా ముందు ఒక్కొక్కటిగా పెట్టిన ముక్కలవి.

హుసేనప్ప అరచెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పాను. చేతి గీతల్లో కాటుక పూసినట్టు నలుపు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ల మీద నల్లటి మచ్చలు. చిగుళ్లకు ఏ ఎండ తగులుతుంది?

రక్తం తీసి పక్కన పెట్టి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ సూది నరంలోకి ఇచ్చాను. కుర్ర డాక్టర్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇలాంటి అనుమానం వస్తే రిపోర్టు కోసం ఆగకూడదు, రిపోర్టు వచ్చేసరికి మనిషి ఉండడు. తర్వాత సెలైన్ పెట్టాను. నా క్లినిక్‌లో స్టాండు లేదు. ఓబులేసు బాటిల్ చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు, ఆ బోర్డు కింద నిలబడి.

మాబున్ని నా చెయ్యి పట్టుకుంది. "బతుకుతాడా అమ్మా?"

"తెలీదు" అన్నాను. పేషంటు తరఫు మనిషితో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

గంటన్నర తర్వాత హుసేనప్ప కళ్లు తెరిచి, ఓబులేసును చూసి, "చెయ్యి నొయ్యలేదా అప్పా?" అని అడిగాడు. నేను లోపలి గదిలోకి పోయి, తలుపేసుకుని ఏడ్చాను. ఇది రాయొద్దని అనుకున్నాను, కానీ డాక్టర్లు ఏడుస్తారని మీకూ తెలియాలి.

సాయంత్రం బోర్డు నేనే మేకులు పీకి దించాను.

రెండు టోపీలు

అధివృక్క గ్రంథులని పుస్తకాల్లో రాస్తారు. నలభై ఏళ్లలో నేను ఆ మాట ఒక్క పేషంటుతోనూ అనలేదు. అడ్రినల్ అని మనమనుకునేవి ఇవే. మూత్రపిండాల మీద టోపీ పెట్టినట్టు చెరొకటి ఉంటుంది. ఒంట్లో ఉప్పును పట్టి ఉంచేదీ, బీపీని నిలబెట్టేదీ, జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా ఒంటికి తట్టుకునే శక్తి ఇచ్చేదీ ఇవే.

ఈ గ్రంథికి రక్తం తెచ్చే దారులు చాలా, బయటికి పోయేది దాదాపు ఒక్క సిరే. మూడు కాలువలు పారే మడికి ఒకే తూము ఉన్నట్టు. వైరస్ జబ్బు బాగా ముదిరినప్పుడు రక్తం చిక్కబడి సన్నటి నాళాల్లో గడ్డలు కడుతుంది. ఆ ఒక్క తూముకు గడ్డ అడ్డం పడితే వచ్చిన రక్తం పోయే దారి లేక లోపలే నిండి గ్రంథి పగులుతుంది, చచ్చిపోతుంది. కొందరిలో వైరస్ నేరుగా గ్రంథి మీదే పడుతుందని కూడా అంటారు. ఇది అరుదు. కానీ అరుదైనది కూడా ఎవరో ఒకరికి వస్తుంది, ఆ ఒకరు దువ్వూరు నుంచి బస్సెక్కి మన దగ్గరికే వస్తారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. కరోనాకు ఆస్పత్రిలో స్టెరాయిడ్లు ఇచ్చేవాళ్లు, అది సరైన వైద్యమే. ఆ మందు ఉన్నన్నాళ్లూ చచ్చిన గ్రంథి లోటు బయటపడదు. మందు ఆపి ఇంటికి వచ్చాక మొదలవుతుంది, అప్పటికి అందరూ జబ్బు పోయిందనుకుని ఉంటారు. ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు వాడి ఆపితే గ్రంథులు మొద్దుబారి కూడా నీరసం వస్తుంది. అయితే అందులో ఒళ్లు నల్లబడదు, ఉప్పు మీదకు అంతగా మనసు పోదు. గ్రంథే చచ్చిపోతే, తలలో ఉండి పెత్తనం చేసే పిట్యూటరీ గ్రంథి "పని చెయ్యి, పని చెయ్యి" అని హార్మోన్‌తో అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపే చర్మాన్ని నల్లబరుస్తుంది.

రక్త పరీక్షల్లో సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, బాగా తక్కువ (చక్కెర నీళ్లు దాన్ని ఇంకా పలచన చేశాయి), పొటాషియం ఎక్కువ, ఈ గ్రంథి చేసే కార్టిసాల్ అడుగంటింది. కడపలో తీయించిన స్కాన్‌లో రెండు వైపులా పాత రక్తస్రావం ఆనవాళ్లు కనపడ్డాయి.

ఇదంతా మాబున్నికి విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అయితే ఉప్పు అడిగింది నాలిక గాదన్నమాట" అంది.

"కాదు మాబున్నీ."

"పానం అడిగినాది. మనం దాపెట్టినాం."

"నేను దాపెట్టించాను" అన్నాను.

ఇక్కడ ఇంకొక మనిషిని తలుచుకోవాలి. పులివెందులలో ఒక లెక్కల సారు ఉండేవాడు. డెంగీ వచ్చి తగ్గింది. ప్లేట్‌లెట్లు పెరిగాయని చూసి, ఇంక భయం లేదని నేనే ఇంటికి పంపాను. రెండు వారాలకు మా ఇంటికి నడిచొచ్చి, ఒళ్లు స్వాధీనంలో లేదు, నిలబడితే పడిపోతున్నాను, ఒక బాటిల్ పెట్టించమ్మా అని అడిగాడు. చదువుకున్నవాడివి నీకూ బాటిల్ పిచ్చేనా అని ఎగతాళి చేశాను. నాలుగో రోజు పొద్దున్న పోయాడు. గుండె ఆగిందన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. డెంగీలో కూడా ఈ గ్రంథులు రక్తంతో నిండిపోవచ్చు. ఆ సారుకు ఏమైందో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. నలుపు సంగతి అప్పుడు నా తలలోనే లేదు, చేతి గీతలు నల్లగా ఉన్నాయా అని నేను చూడలేదు. అంతే నాకు తెలిసింది.

బాటిల్ అడిగిన ప్రతివాడికీ పెట్టమని నేను చెప్పడం లేదు. నూటికి తొంభై తొమ్మిది మందికి ఇప్పటికీ మజ్జిగే చాలు. ఎందుకు కావాలో, పెడితే ఏమవుతుందో, ఎన్నాళ్లు నిలుస్తుందో అడగండి. ఆ మూడు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. నాకు నాలుగు నెలల్లో ఆ రెండు నిమిషాలు దొరకలేదు.

చీనీకాయ

ఈ జబ్బుకు మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. జ్వరమొస్తే రెట్టింపు వేసుకోవాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే సూది తప్పదు, అదీ వెంటనే. దువ్వూరులో ఎంతసేపటికి డాక్టరు దొరుకుతాడు? అందుకని మాబున్నికే నేర్పిద్దామనుకున్నాను. క్లినిక్ బల్ల మీద చీనీకాయ పెట్టి, మందు పొడి ఉన్న సీసాలో నీళ్లు కలపడం, సిరంజిలోకి లాగడం, గుచ్చడం చూపించాను.

"దబ్బనంతో ఇరవై ఏండ్లు కుడతాండా. ఈ సూది నాకొక లెక్కా?" అంది. చీనీకాయకు టపటపా నాలుగు సూదులు వేసింది. అయిదోది హుసేనప్ప తొడకు ఉత్త సూదితో గుచ్చి చూడమంటే, "నాకు రాదమ్మా" అని సిరంజి కింద పెట్టేసింది.

"ఇంత పరుపు కుడతావే, ఇంత తొడ కుట్టలేవా?" అని హుసేనప్ప ఎగతాళి చేశాడు.

నాకు విసుగొచ్చింది. "నేర్చుకోకపోతే ఈసారి ఎవరు కాపాడతారు? ఓబులేసు చెయ్యెత్తుకుని నిలబడతాడా?" అని మళ్లీ కసిరాను. బోర్డు దించినంత సులువుగా నోరు దిగదు. మాబున్ని కళ్లు తుడుచుకుని, సిరంజి ఎత్తి, గుచ్చింది. సరిగ్గానే గుచ్చింది.

ఏడాదిన్నర గడిచింది. హుసేనప్ప బరువు పెరిగాడు. నలుపు చాలావరకు విరిగింది. క్లినిక్ మూసేశాక కూడా వాళ్లు ఇంటికొచ్చి పలకరించి పోయేవాళ్లు. మొన్న వానాకాలంలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు ఫోన్ మోగింది. మాబున్ని. వెనక ఆటో చప్పుడు, వాన చప్పుడు.

"అమ్మా, బ్రహ్మంగారిమఠం వచ్చినాం. ఈడ ఒక లాడ్జికి పరుపులు దించేదానికి. దావలో తిన్నది పడలేదు, పొద్దున్నించి నాలుగుతూర్లు వాంతి చేసుకున్నాడు. మాత్ర కూడా కక్కినాడు. కండ్లు తేలేసినాడు."

"సూది ఉందా? సంచిలో పెట్టుకున్నావా?"

"ఏసేసినా అమ్మా. అరగంటైంది. ఇప్పుడు ఆస్పత్రికి తోలకపోతాండాం. ఉప్పు బాటిలే పెట్టమని చెప్తా, చక్కెరది వద్దని చెప్తా."

అంతా విన్నాక అడిగాను, "మరి వెయ్యకముందు నాకు ఫోన్ చేయొచ్చు కదా?"

"ఫోన్ చేస్తే తిడతావేమోనని భయం. చేసుకుంటా కూచుంటే ఈయప్ప పోతాడేమోనని భయం." అంది. "రెండో భయమే పెద్దదనిపించింది. ఏసేసినా."

నలభై ఏళ్లు ఎంతమంది ఆ మొదటి భయంతోనే ఆగిపోయి ఉంటారో నేను ఇప్పుడు లెక్కపెట్టలేను. పెద్ద చదువు లేని ఒక ఆడమనిషి ఆ రెండు భయాలనూ ఆటోలో కూర్చుని తూకం వేసింది. సరిగ్గా వేసింది.

"అమ్మా, ఉండావా?"

"ఉన్నాను తల్లీ" అన్నాను. "మంచిపని చేశావు. శానా మంచిపని చేసినావు."

అవతల ఇంకో గొంతు వినిపించింది. పీలగా ఉంది గానీ హుసేనప్పదే. ఆటో అతన్ని కేకలేస్తున్నాడు.

"రేయ్ అప్పా, వెనక పరుపులు తడుస్తాండాయి, పట్ట లాగి కప్పు!"